గృహసీమ: నేలలో ఇనప్పెట్టె

ఢిల్లీలోని లక్ష్మీ నగర్ నుండి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం కొన్నాళ్ళుగా నా బల్లపై ఉన్నది. ఆమె భర్త మన సంస్థ ఉద్యోగి. నాలుగంతస్తుల భవనంలో రెండవ అంతస్తు వారిది. ఉత్తరంలోని సారాంశం ఇది: "అత్తగారు నాకిచ్చిన కాసులపేరు, పుట్టింటివారు పెట్టిన వడ్డాణం, అమ్మాయి పెళ్ళి కోసం ఏటేటా కొంటూ వచ్చిన గాజులు, ముత్యాల దండ, ఇంటి కాగితాలు, అన్నీ ప్రస్తుతం బీరువాలోనే ఉన్నవి. బ్యాంకు లాకరు కోసం చాలా కాలంగా ఎదురుచూస్తున్నాము. మావారు పడకగది నేల త్రవ్వించి, అందులో ఇనప్పెట్టె దింపించి, పైన టైలు పరిపించాలని నిశ్చయించుకున్నారు. దాని తాళం అంకెలు తనకు తప్ప మరెవరికీ తెలియకపోవడమే క్షేమమట. నాకెందుకో మనసొప్పడం లేదు. కారణమేమిటని అడిగితే చెప్పలేకపోతున్నాను. మీ అభిప్రాయం తెలుపగలరు."

లక్ష్మి పేరు పెట్టుకున్న నగర్‌లోనే లక్ష్మిని ఎక్కడ దాచాలన్న ప్రశ్న రావడం ఒక చమత్కారం. కాని ఆ సోదరి సందేహం మాత్రం చమత్కారం కాదు. ఆమె చెప్పలేకపోయిన కారణాలు రెండున్నవి. ఒకటి నేలలో ఉన్నది, రెండవది ఆ తాళం అంకెలలో ఉన్నది. ఆ ప్రాంతంలో, స్కోప్ మినార్ పరిసరాలలోని కాలనీలలో మనవంటి ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగ కుటుంబాలు ఎన్నో ఉన్నందున, సమాధానాన్ని కొంచెం విపులంగానే వ్రాయదలచాను.

ముందుగా ఆ సోదరుని పక్షాన రెండు మాటలు చెప్పాలి. ఆయన ఆలోచన వెర్రి ఆలోచన ఏమీ కాదు. మన ఇళ్ళలో గోద్రెజ్ అంటే చాలాకాలం బీరువాకు మారుపేరు. ఆర్దేషిర్ గోద్రెజ్ బొంబాయిలో 1897లో తాళాల తయారీ ప్రారంభించి, 1902 నాటికి ఇనప్పెట్టెల తయారీ చేపట్టారు. ఈ నూటపాతిక సంవత్సరాలలో తాళాలు ఎంతగానో మెరుగుపడినవి. కాని ఇంటిలో ఉంచే చిన్న ఇనప్పెట్టెకు ఒక బలహీనత మిగిలిపోయింది. దానిని తెరవలేని దొంగ అట్లాగే ఎత్తుకొనిపోగలడు. నలభై యాభై కిలోల పెట్టెను ఇద్దరు మనుషులు సులభంగా మెట్లు దింపగలరు. ఆ తరువాత తీరికగా ఎక్కడో ఒకచోట కోసుకుంటారు.

నేలలో దింపిన పెట్టెకు ఈ భయం లేదు. నాలుగు ప్రక్కలా, అడుగునా కాంక్రీటు బిగిసి ఉంటుంది. పైకి కనిపించేది మూత ఒక్కటే. దొంగ పనిచేయవలసినది ఆ మూతపైనే, అదీ నేలమీద వంగి కూర్చొని. అగ్నిప్రమాదం జరిగినపుడు వేడి పైకి ఎగయును గనుక, నేల మట్టానికి క్రిందనున్న వస్తువుకు తాపం తక్కువగా సోకుతుంది. మంటలార్పడానికి కొట్టిన నీరు మాత్రం నేరుగా అక్కడికే చేరుతుంది. ఈ నీటి సంగతి మరల ప్రస్తావనకు వస్తుంది.

ఇందులో గమనించవలసిన సూక్ష్మం ఒకటున్నది. ఈ పెట్టె బలం పెట్టెది కాదు, దానిని పట్టుకొని ఉన్న కాంక్రీటుది. పెద్ద దొంగతనాల చరిత్ర కూడా ఇదే చెబుతున్నది. 2014 అక్టోబరులో హర్యానాలోని గోహానాలో దొంగలు సుమారు 125 అడుగుల సొరంగం త్రవ్వి, ఒక బ్యాంకు లాకరు గదిలోనికి నేల క్రింది నుండి ప్రవేశించారు. 2023 సెప్టెంబరులో ఢిల్లీలోని భోగల్‌లో ఒక నగల దుకాణంలోనికి పైనుండి దిగినవారు, భద్రపు గది తలుపు జోలికి పోకుండా గోడకు కన్నం వేసుకున్నారు. దొంగ తలుపును గౌరవిస్తాడు. చూసేది ప్రక్కనున్న గోడను, క్రిందనున్న నేలను. కనుక నేలలో పెట్టె దింపాలనుకునేవారు పెట్టెను చూడక ముందే ఆ నేలను చూడాలి.

మన పెద్దలకు ఈ విషయం తెలుసు. రాయలసీమ పల్లెలలో, తెలంగాణ పల్లెలలో జొన్నలు నిలువచేసే పాతరలు ఉండేవి. పాతర త్రవ్వడానికి ముందు ఊరిలో మెరక ఎక్కడ, వాన నీరు ఎటు పారుతుంది, ఏ మన్ను గట్టిది అని చూసేవారు. లోపల జొన్నచొప్పతోనో గడ్డితోనో చెమ్మ అంటకుండా కట్టుదిట్టం చేసేవారు. పాతర తెరచిన వెంటనే ఎవరినీ దిగనిచ్చేవారు కారు. లోపలి చెడుగాలికి ప్రాణాలు పోయిన సందర్భాలు ఉండేవి. ఊరి మట్టిని అంతగా ఎరిగినవారు, దాచదలచిన వస్తువు కంటె దాచే చోటుకే ఎక్కువ ఆలోచన ఖర్చు చేశారు.

లక్ష్మీ నగర్ మట్టి ఎటువంటిది? అది యమునకు తూర్పు ఒడ్డు. ఐటీవో వద్ద వంతెన దాటి వికాస్ మార్గ్ మీదుగా వచ్చేవారికి అది నగరంలో మామూలు రద్దీ ప్రాంతంగానే కనిపిస్తుంది. కాని నదికీ కాలనీలకూ మధ్యనున్నది అక్కడివారు పుస్తా అని పిలిచే కరకట్ట. కట్ట వరదను ఆపగలదు గాని భూగర్భ జలాన్ని ఆపలేదు. నది ఉబ్బినపుడు కట్టకు ఇవతల కూడా నేలలోపలి నీటిమట్టం పైకి వస్తుంది. ఢిల్లీ పాత రైలు వంతెన వద్ద యమున ప్రమాద సూచిక 205.33 మీటర్లు. 1978లో నీటిమట్టం 207.49 మీటర్లకు చేరగా, దానిని మించిన వరద రాదని అనుకున్నారు. 2023 జూలై 13వ తేదీన అది 208.66 మీటర్లకు చేరినది. ఆనాడు ఐటీవో కూడలిలో, రాజ్‌ఘాట్ వద్ద, ఎర్రకోట చుట్టూ నీరు నిలిచిన దృశ్యాలు పాఠకులకు జ్ఞాపకముండే ఉంటాయి.

అంతకంటె లక్ష్మీ నగర్ వారు మరువలేని రోజు మరొకటున్నది. 2010 నవంబరు 15వ తేదీ రాత్రి, లలితా పార్క్‌లో ఐదంతస్తుల భవనం ఒకటి కుప్పకూలినది. 70 మంది వరకు మరణించారు. వారిలో అధికులు బీహారు, పశ్చిమ బెంగాలుల నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చిన కూలీలు, వారి కుటుంబాలు. ఆ ఏడాది వర్షాకాలంలో యమునకు వరద వచ్చింది. భవనం నేలమాళిగలో చాలాకాలం నీరు నిలిచి ఉండడం, పునాది బలానికి మించి పైన అంతస్తు వేయడం ఆ దుర్ఘటనకు కారణాలుగా చెప్పబడినవి. ప్రమాదం తరువాత, నేలమాళిగలలో నీరు నిలిచిన మరికొన్ని ఇళ్ళను ఖాళీ చేయించవలసి వచ్చింది.

ఆ భవనంలో ఇనప్పెట్టె కోసం ఎవరూ నేల త్రవ్వలేదు. ఈ ప్రసక్తి తెచ్చినది భయపెట్టడానికి కాదు. ఆ వీధులలో ఇళ్ళు ఎంత ఇరుకుగా, ఒకదానినొకటి ఆనుకొని, ఎటువంటి పునాదులపై నిలిచి ఉన్నవో గుర్తుచేయడానికి మాత్రమే. ఢిల్లీ భూకంపాల మండల విభజనలో నాలుగవ మండలానికి చెందినది కూడాను. అటువంటిచోట భవనంలోని ఏ భాగాన్ని కోసినా, అది మన ఒక్క ఇంటి వ్యవహారం కాదు.

ఇప్పుడు సోదరి ఇంటికి వద్దాము. వారుండేది రెండవ అంతస్తు. వారి పడకగది నేల నిజానికి నేల కాదు, క్రింది ఇంటివారి పైకప్పు. ఇటువంటి ఇళ్ళలో శ్లాబు మందం సాధారణంగా 4 నుండి 5 అంగుళాలు. దానిపై ఇసుక, సిమెంటు, టైలు కలిపి మరొక రెండంగుళాలు. నేలలో దింపే పెట్టెలలో చిన్నవి సైతం ఎనిమిది, తొమ్మిది అంగుళాల లోతు కోరుతవి. వాటి క్రింద కాంక్రీటుకు మరి నాలుగంగుళాలు ఉండాలి. లెక్క ఎక్కడా కుదరదు. మేస్త్రీ ఎంత నేర్పరియైనా, క్రింది ఇంటివారి ఫ్యానుకు ప్రక్కగా ఒక ఇనుపపెట్టె అడుగు కనిపించక తప్పదు.

"పూర్తిగా దింపము, సగమే దింపుతాము" అనే మేస్త్రీలు ఉన్నారు. అది మరింత ప్రమాదం. శ్లాబు బరువు మోయడానికి కాంక్రీటు ఎంత అవసరమో, లోపలి ఇనుప చువ్వలు అంతకంటె ఎక్కువ అవసరం. కాంక్రీటు ఒత్తిడిని తట్టుకోగలదు గాని లాగుడును తట్టుకోలేదు. ఆ పని చువ్వలది. మనం కోసే గుంతలో నాలుగు చువ్వలు తెగితే, అవి మోస్తున్న బరువు ప్రక్క చువ్వలపై పడుతుంది. ఆ క్షణాన ఏమీ జరుగదు. ఏళ్ళ తరువాత క్రింది ఇంటి కప్పుకు పగులు రావచ్చును, స్నానాల గది చెమ్మ ఆ పగుళ్ళలోనికి ప్రాకి మిగిలిన చువ్వలకు తుప్పు పట్టవచ్చును. అప్పటికి కోసిన మేస్త్రీ ఎక్కడ ఉంటాడో తెలియదు.

కనుక సోదరీ, మీ వారికి చెప్పవలసిన మొదటి మాట ఇది: రెండవ అంతస్తులో నేల ఇనప్పెట్టె అనునది లేదు. ఇందులో రాజీకి తావు లేదు.

క్రింది అంతస్తులో నివసించే పాఠకుల మాట వేరు. వారికి నిజంగానే నేల ఉన్నది. అయినను ఇల్లు సొంతదై ఉండాలి, క్రింద నేలమాళిగ ఉండకూడదు, పైఅంతస్తుల యజమానులకు చెప్పి ఒక స్ట్రక్చరల్ ఇంజనీరుకు స్థలం చూపించాలి. గోడ పునాదికి, స్తంభం పునాదికి ఆనుకొని గుంత త్రవ్వరాదు. ఎంత ఎడముండాలో ఇంజనీరు చెప్పవలసిన మాట, మేస్త్రీ చెప్పవలసిన మాట కాదు. నీటి గొట్టాలు, మురుగు గొట్టాలు, విద్యుత్ తీగలు ఎటుగా పోయినవో ముందు తెలుసుకోవాలి.

ఆ తరువాత చెమ్మ పరీక్ష. గోడల అడుగున తెల్లని ఉప్పు పొడి రాలుతున్నదా? అక్కడివారు సీలన్ అని పిలిచే చెమ్మ వర్షాకాలం తరువాత ఎంత ఎత్తుకు ఎక్కుతున్నది? ఇరుగుపొరుగు నేలమాళిగలలో నీరూరుతున్నదా? ఈ ప్రశ్నలకు వేసవిలో సమాధానం దొరకదు. ఆగస్టు, సెప్టెంబరు నెలలలో చూడాలి. ఆ నెలలలో రెండడుగుల గుంతలో అడుగున నీరు చెమర్చితే, ఆ ఇంటికి నేల ఇనప్పెట్టె ఆలోచన అక్కడితో ముగిసినట్లే. గుంతను గట్టిగా దిమ్మిస కొట్టించి పూడ్చి, మరొక మార్గం చూసుకోవాలి.

నేల పొడిగా ఉన్నదని తేలితే పని విధానం కష్టమైనదేమీ కాదు, శ్రద్ధ మాత్రం కావాలి. పెట్టె కంటె ప్రతి ప్రక్కా, అడుగునా నాలుగు నుండి ఆరు అంగుళాలు ఎక్కువగా గుంత తీయాలి. అడుగు గట్టిపరచి, దళసరి పాలిథీన్ పట్టా గుంత అంతటా అంచుల పైవరకు పరచాలి. ఒక వంతు సిమెంటు, ఒకటిన్నర వంతుల ఇసుక, మూడు వంతుల కంకర పాళ్ళలో, నీటిలో కరిగే జలనిరోధక ద్రవ్యం కలిపిన కాంక్రీటును అడుగున పోసి, అది బిగిసిన తరువాత పెట్టె దింపాలి. మూతను సరిగా మూసి, తాళపు రంధ్రం వద్ద సిమెంటు పాలు పోకుండా టేపు అంటించాలి.

ఇక్కడ చాలామంది మేస్త్రీలు ఎదురుచూడని విషయమొకటి జరుగుతుంది. ఖాళీ పెట్టె చుట్టూ ఒక్కసారిగా పచ్చి కాంక్రీటు పోస్తే, పెట్టె తేలుతుంది! ఇనుప పెట్టె తేలడమేమిటని నవ్వనవసరం లేదు. ఓడ తేలడం వంటిదే ఇదియును. అడుగున్నర పొడవు వెడల్పులకు కొంచెం తక్కువగా, అంటే 40 సెంటీమీటర్ల చదరంలో, అంతే లోతుగల పెట్టె 64 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. కాంక్రీటు నీటికంటె రెండున్నర రెట్లు బరువైనది గనుక, పెట్టెను పైకి నెట్టే బలం దాదాపు 150 కిలోలు. పెట్టె సొంత బరువు అందులో సగం కూడా ఉండకపోవచ్చు. కనుక లోపల బరువులు పెట్టి, పైన అడ్డకఱ్ఱ బిగించి, కాంక్రీటును రెండు మూడు విడతలుగా పొరలు పొరలుగా పోయాలి. ప్రతి పొర తరువాత మట్టపలకతో మూత మట్టం చూసుకోవాలి.

పెట్టె మూతి చుట్టూ నేల మట్టం కంటె పావు అంగుళం ఎత్తు ఉంచమని గట్టిగా చెప్పాలి. మన ఇళ్ళలో రోజూ తడిగుడ్డతో తుడవడం ఆచారం. మూతి పల్లంలో ఉంటే ప్రతిదినం ఒక చుక్క లోనికి దిగుతుంది. సంవత్సరం తిరిగేసరికి వరద అవసరం లేకుండానే కాగితాలు బూజు పడతాయి. కాంక్రీటును ఏడు నుండి పది రోజులు తడిగా ఉంచిన పిదప, మూత తెరచి మూడు నాలుగు వారాలు ఆరనివ్వాలి. తాజా కాంక్రీటు చాలారోజులు చెమ్మ విడుస్తూనే ఉంటుంది. ఆ తొందరలో నగలు పెట్టినవారు వెండి నల్లబడినదని తరువాత వాపోతుంటారు.

ఇంతా చేసి మరొక చిక్కు. రహస్యం. లక్ష్మీ నగర్ ఇరుకు వీధులలో ఒక ఇంటి గోడ మరొక ఇంటి గోడ. ఒక చోట మర యంత్రం మ్రోగితే వీధి అంతా వింటుంది. త్రవ్విన మట్టి, పెచ్చులు, అక్కడివారి భాషలో మల్బా, గోనెసంచులలో వీధి చివరికి మోయించక తప్పదు. పైగా ఆ ప్రాంతం చార్టర్డ్ అకౌంటెన్సీ శిక్షణ కేంద్రాలకు ప్రసిద్ధి. అద్దె గదులలో విద్యార్థులు వస్తూ పోతూ ఉంటారు. ఎవరినీ అనుమానించమని నా ఉద్దేశ్యం కాదు. ఇంటిలోని ఇల్లాలికి కూడ చెప్పకూడదనుకున్న సంగతి మేస్త్రీకి, ఇద్దరు కూలీలకు, మల్బా మోసిన బండివానికి, పొరుగింటి తాతగారికి తెలిసే తీరుతుందని మాత్రమే అంటున్నాను.

పై అంతస్తుల వారికి నేను సూచించేది గోడకు, నేలకు బిగించే చిన్న ఇనప్పెట్టె. భారతీయ ప్రమాణాల సంస్థ వారి ఐఎస్ 550 ప్రమాణం ఇనప్పెట్టెలకు సంబంధించినది. కొనేముందు ఆ ముద్ర ఉన్నదీ లేనిదీ, ఏ తరగతికి చెందినదీ చూడాలి. మార్కెట్టులో అందమైన అంకెల పలకతో, రేకు అంత మందపు తలుపుతో దొరికే డబ్బాలు పిల్లల హుండీకి సరిపోతవి, పెళ్ళి నగలకు కాదు. బరువు విషయంలో కూడ జాగ్రత్త కావాలి. నివాస గృహాల శ్లాబును చదరపు మీటరుకు 200 కిలోల వాడుక బరువు లెక్కన రూపొందిస్తారు. గది నడుమ మూడువందల కిలోల పెట్టె నిలబెట్టడం మంచిది కాదు. అరవై డెబ్బై కిలోల పెట్టెను గది మూలలో, దూలానికి దగ్గరగా పెట్టి, తొమ్మిదంగుళాల ఇటుక గోడకు బోల్టులతో బిగిస్తే చాలును. నాలుగున్నర అంగుళాల అడ్డుగోడ పనికిరాదు. దాని ఆవలనున్నది మెట్ల దారి అయితే అసలే పనికిరాదు. స్తంభాలకు, దూలాలకు రంధ్రాలు వేయరాదు. చెక్క అలమరలో, చీరల అర వెనుక అమర్చుకుంటే చూపులకు అందదు. వంగి నేలమీద కూర్చొని మూత ఎత్తవలసిన బాధ కూడ ఉండదు. మోకాళ్ళ నొప్పులున్న గృహిణులకు ఈ సంగతి వేరే చెప్పనవసరం లేదు.

ఇక లాకరు సంగతి. ఆలస్యమైనా దానిని వదులుకోవద్దనే నా సలహా. భారత సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో ఒక లాకరు వివాదంలో ఇచ్చిన తీర్పు దరిమిలా, రిజర్వు బ్యాంకు అదే సంవత్సరం ఆగస్టులో కొత్త నిబంధనలు ప్రకటించింది. అవి 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినవి. దొంగతనం, దోపిడి, అగ్నిప్రమాదం, భవనం కూలడం, లేదా బ్యాంకు సిబ్బంది మోసం వలన నష్టం కలిగితే, వార్షిక అద్దెకు నూరు రెట్ల వరకు బ్యాంకు బాధ్యత వహించాలి. అద్దె మూడువేలైతే మూడు లక్షలు. నేటి బంగారం ధరకు అది వడ్డాణంలో ఒక ముక్కకు కూడ చాలదనుకోండి, కాని మునుపు ఆ మాత్రం కూడ స్పష్టంగా లేదు. భూకంపం, వరద వంటి ప్రకృతి వైపరీత్యాలకు బ్యాంకు బాధ్యత లేదు. కనుక యమునా తీరవాసులు లాకరు క్రింది అరలో దొరికితే ఒక్క క్షణం ఆలోచించడం మంచిది. లోపల పెట్టే వస్తువును దళసరి ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి పెట్టాలి. ఏడు సంవత్సరాలు తెరవకుండా వదిలివేసి, బ్యాంకు వారికి ఆచూకీ దొరకకపోతే, అద్దె కట్టుతూ ఉన్నా వారు తెరిపించవచ్చును. ఏడాదికొకసారైనా వెళ్ళి రావాలి. నామినీ పేరు తప్పక నమోదు చేయించాలి. 2025 నవంబరు నుండి ఒకరి తరువాత ఒకరుగా నలుగురిని వరకు సూచించే వీలు కలిగింది.

ఇంటిలో ఉంచుకునే నగలకు బీమా ఉన్నది. సాధారణ గృహబీమాలో ఆభరణాలు వాటంతటవే చేరవు. విలువ నిర్ణయింపజేసి, విడిగా చేర్పించుకోవాలి.

నగల మాటలో పడి అందరూ మరచిపోయేవి ఇంటి కాగితాలు. నా దృష్టిలో ఆ సోదరి ఇంటిలో అన్నిటికంటె విలువైన వస్తువు కాసులపేరు కాకపోవచ్చును. తూర్పు ఢిల్లీ కాలనీలలో ఎన్నో ఇళ్ళు జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అమ్మకపు ఒప్పందం, వీలునామా అనే మూడు కాగితాలపై చేతులు మారినవి. అటువంటి పత్రాలతో యాజమాన్యం సంక్రమించదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టంచేసింది. అటువంటి ఇళ్ళ యజమానులకు తమ హక్కును క్రమబద్ధం చేసుకోవలసి వచ్చినపుడు ఆ పాత అసలు కాగితాల వరుస అంతా చూపవలసి ఉంటుంది. రిజిస్టరు అయిన పత్రానికి కార్యాలయం నుండి నకలు తెచ్చుకోవచ్చు. రిజిస్టరు కాని నోటరీ కాగితం చెమ్మకు చివికిపోతే నకలు ఎక్కడ దొరుకుతుంది? అటువంటి కాగితాలకు నేలలోని పెట్టె అన్నిటికంటె చెడ్డ చోటు. అవి లాకరులో ఉండాలి, వాటి స్కాను ప్రతులు పిల్లల వద్ద ఉండాలి.

ఇప్పుడు తాళం అంకెల సంగతి. భర్తకు మాత్రమే తెలిస్తే క్షేమమన్న మాట ఆయన ప్రేమతోనే అని ఉండవచ్చు. దొంగ బెదిరించినా ఇల్లాలు చెప్పలేదు గదా అన్నది ఆయన ఆలోచన కాబోలు. కాని దొంగకు ఆ సంగతి తెలియదు గదా! తెలియదన్న జవాబును అతడు నమ్ముతాడని ఏమిటి నమ్మకం?

పూర్వం లంకెబిందెలు పాతిపెట్టినవారు కూడ ఇట్లాగే ఎవరికీ చెప్పలేదు. వారి సంతతి వాటిపైనే నడచి, పేదరికంలో బ్రదికి, పోయింది. నాగలికి తగిలినపుడు అవి ఇతరుల చేతిలో పడినవి. నేలలో పది రూపాయలకు మించిన నిక్షేపం దొరికితే కలెక్టరుకు తెలియజేయాలన్న చట్టం 1878లో వచ్చినది. దాచినవారు చెప్పకుండా పోవడం ఎంత సాధారణమో ఆ చట్టమే సాక్ష్యం.

నేనెరిగిన ఒక కుటుంబంలో యజమాని హఠాత్తుగా గుండెపోటుతో మరణించారు. ఇంటిలో ఇనప్పెట్టె ఉన్నది, అంకెలు ఎవరికీ తెలియవు. పదకొండవ రోజు తరువాత, తాళాలు తీసే మనిషి వచ్చి గంటల తరబడి మరతో మూత తొలుస్తుంటే, బంధువులందరూ చుట్టూ నిలబడి చూశారు. లోపల ఏమున్నదో భార్యకు తెలియదు. బయటకు తీసిన ప్రతి వస్తువునూ ఆమె వారితోపాటే మొదటిసారి చూసింది. అందులో ఆమె తల్లి ఇచ్చిన గొలుసు కూడ ఉన్నది. అది తనదేనని ఆమె పదిమందికి చెప్పుకోవలసి వచ్చింది.

వివాహ సమయంలో స్త్రీకి పుట్టింటివారు, అత్తింటివారు ఇచ్చిన ఆభరణాలు ఆమె స్త్రీధనమని, భర్త చేతిలో ఉన్నంత మాత్రాన అవి ఆయనవి కావని 1985లో ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఈ మాట భార్యాభర్తల మధ్య వివాదం పెట్టడానికి వ్రాయడం లేదు. సోదరీ, కాసులపేరు అత్తగారు మీకిచ్చినది, వడ్డాణం మీ పుట్టింటిది. ఆ పెట్టె అంకెలు తెలుసుకోవడం మీరు కోరే వరం కాదు, మీ హక్కు. ఈ పేజీని మీ వారికి చూపించండి. ఆయన కోపగించుకోరని నా నమ్మకం.

అంకెలు ఇద్దరికీ తెలియాలి. పుట్టినతేదీ, పెళ్ళితేదీ, ఇంటి నంబరు పనికిరావు. మూడవ ప్రతిని మూసిన కవరులో, పెట్టెలోని వస్తువుల జాబితాతో, ఛాయాచిత్రాలతో సహా లాకరులోనో, వేరే ఊరిలోనున్న నమ్మకమైన తోబుట్టువు వద్దనో ఉంచాలి. విద్యుత్ తాళమైతే సంవత్సరానికొకసారి బ్యాటరీలు మార్చాలి. బ్యాటరీ పోయినపుడు తెరవడానికి తయారీదారులు ఇచ్చే అత్యవసర తాళంచెవిని చాలామంది భద్రంగా ఉంటుందని ఆ పెట్టెలోనే పెడతారు!

ముత్యాల దండ గురించి ఒక మాట. వెండికీ కాగితాలకూ చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు మంచివి, నెలకొకసారి చూసి మార్చుకోవాలి. ముత్యాలకు మాత్రం అవి గిట్టవు. ముత్యం బొత్తిగా తేమలేనిచోట మూతబడి ఉంటే కాంతి తగ్గుతుంది, కాలక్రమాన సన్నని బీటలు కూడ రావచ్చును. దండను మెత్తని నూలుగుడ్డలో చుట్టి, పొట్లాలకు దూరంగా, వేరే చిన్న పెట్టెలో ఉంచండి. అప్పుడప్పుడు తీసి ధరించండి కూడ. శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతానికి ఎలాగూ తీస్తారు. ఆ సమయంలోనే నూలు దారం వదులైనదేమో చూసి మరల గ్రుచ్చించుకొనవచ్చును.